హెచ్చరిక: గ్రూపులో లేని మనిషిని కాపాడే నియమం ఇప్పుడే రాయండి

ఊరి గ్రూపు, కాలనీ గ్రూపు, అపార్ట్‌మెంట్ సొసైటీ గ్రూపు, కుల సంఘం గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, బడి తల్లిదండ్రుల గ్రూపు. వీటిలో ఏ ఒక్కదానికైనా మీరు వాట్సాప్ అడ్మిన్ అయితే ఈ సంపాదకీయం మీకోసమే. మీ గ్రూపుకు రాసిపెట్టిన నియమాలు లేవా? ఉన్నా గుడ్ మార్నింగ్ బొమ్మలు వద్దు, రాజకీయాలు వద్దు అన్న దగ్గరే ఆగిపోయాయా? అయితే ఇవాళ రాత్రి పడుకునే లోపు ఆ పని ముగించండి. ఆలస్యం వల్ల ముందుగా దెబ్బ తగిలేది మీకూ కాదు, మీ సభ్యులకూ కాదు. మీ వీధిలో దుప్పట్లు అమ్ముకోవడానికి వచ్చిన పరాయి రాష్ట్రం కుర్రాడికి, మతి స్థిమితం లేక దారి తప్పి తిరుగుతున్న ముసలావిడకు, భిక్షాటనకు వచ్చిన సంచార కుటుంబానికి, రాత్రిపూట చుట్టాలింటి అడ్రసు వెతుక్కుంటున్న బాటసారికి. వీళ్లెవరూ మీ గ్రూపులో ఉండరు. తమ గురించి అక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో వాళ్లకు తెలియదు.

2018 జులై 13న హైదరాబాద్ నుంచి కొందరు మిత్రులు కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లారు. వాళ్లలో ఒకరు కతార్ దేశస్థుడు. దారిలో బడి పిల్లలు కనబడితే వెంట ఉన్న చాక్లెట్లు పంచారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా ఇదేనని ఊళ్లో అనుమానం లేచింది. మాటా మాటా పెరిగేసరికి వాళ్లు కారెక్కి బయటపడ్డారు. అప్పటికే వాళ్ల సంగతి వాట్సాప్ గ్రూపుకు ఎక్కేసింది. కారు ముర్కి అనే ఊరు చేరకముందే మెసేజ్ చేరింది. అక్కడి జనం దారికి అడ్డం వేసి కాపు కాశారు. కారు గోతిలో బోల్తా పడింది. లోపలున్నవాళ్లను బయటికి లాగి కొట్టారు. హైదరాబాద్ యువ ఇంజనీరు ఒకరు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. తర్వాత పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో ఆ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు.

దానికి పన్నెండు రోజుల ముందే, జులై 1న, మహారాష్ట్ర ధూలే జిల్లా రెయిన్‌పాడాలో సంతకు వచ్చిన ఐదుగురు సంచార భిక్షుకులను గ్రామ పంచాయతీ కార్యాలయంలో పెట్టి కొట్టి చంపారు. వాళ్లు నాథపంథీ దావరీ గోసావి జాతివాళ్లు. ఆ ఏడాది మే నెలలో మన హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో మూక చేతిలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ చనిపోయింది. మూడు చోట్లా కారణం ఒక్కటే, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకారు. చచ్చిపోయినవాళ్లందరూ ఆ చోటికి కొత్తవాళ్లే.

అప్పట్లో ఫోన్లలో తిరిగిన వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇద్దరు మోటార్‌సైకిల్ మీద వస్తారు, వీధిలో ఆడుకుంటున్న పిల్లల్లో ఒకణ్ణి ఎత్తుకుని దూసుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి జాగ్రత్త చెప్పడానికి తీసిన ప్రచార చిత్రం. అసలు వీడియోలో ఆ ఇద్దరూ వెంటనే వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దింపేస్తారు, ఒక అట్ట మీద రాసిన మాటలు చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగం కత్తిరించారు. మిగిలిన ముక్కకు మన భాషలో ఒక గొంతు జోడించి, మన పక్క ఊరి పేరు తగిలించారు. వరుసగా పడుకోబెట్టిన పిల్లల శవాల ఫోటో ఇంకొకటి తిరిగింది. వీళ్ల అవయవాలు కోసేశారని కింద రాశారు. ఆ పిల్లలు 2013లో సిరియాలో రసాయన దాడికి బలైనవాళ్లు. చూసిన తల్లి గుండె ఆగినంత పని అవుతుంది, నిజమే. ఆ తల్లిని మనం తప్పు పట్టడం లేదు. ఆ ఫోటో ఆమె దాకా వెళ్లకుండా ఆపగలిగిన మనిషి ప్రతి గ్రూపులోనూ ఒకరున్నారు. ఆ ఒక్కరికీ ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

చెప్పిన చోట ఏం జరిగిందో కూడా మన తెలంగాణలోనే చూశాం. అదే 2018 వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా ఊళ్లకు వెళ్లి వచ్చిన పోలీసు సిబ్బంది ఒక తేడా గమనించారు. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం చీకటి పడీపడకముందే తలుపులు బిగించుకుంటున్నారు. ఏమైందని ఆరా తీస్తే ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు బయటపడ్డాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఒక్కో ఊరికి ఒక్కో పోలీసును బాధ్యుణ్ణి చేశారు. డప్పు కొట్టించారు, పాటలు కట్టించారు. ఊరి గ్రూపుల్లో పోలీసులను సభ్యులుగా చేర్పించారు. అనుమానం వస్తే కర్ర తీయడం కాదు, మాకు ఫోన్ చేయండి అని ఊరూరా చెప్పించారు. వందల ఊళ్లున్న ఆ ప్రాంతంలో పుకారు చావు ఒక్కటి కూడా జరగలేదు. పుకారు అక్కడికీ వచ్చింది. అయితే అది వచ్చేలోపే, వస్తే ఏం చేయాలో ఊరికి తెలిసింది.

అందుకే ముందుగానే రాసుకోండని గట్టిగా చెబుతున్నాం. గొడవ మొదలయ్యాక రాసే నియమం ఎవరో ఒకరి మీద రాసినట్టే ఉంటుంది. నా మెసేజ్ తీసేసి అతనిది ఎందుకు ఉంచావన్న తగాదా పుడుతుంది. పచ్చగా ఉన్నప్పుడు, ఎవరి మీదా కోపం లేనప్పుడు రాసుకుంటే అందరూ ఒప్పుకుంటారు. పంచాయతీ మైకు ఎవరి చేతికి పడితే వాళ్ల చేతికి ఇవ్వం కదా. మీ గ్రూపు కూడా అలాంటి మైకే. ఒక్క గ్రూపులో 1024 మంది దాకా పడతారు. అది ఒక చిన్న ఊరి జనాభా.

నియమాల్లో మొట్టమొదటిది ఇలా ఉండాలి. గ్రూపులో లేని మనిషి ఫోటో గానీ, పేరు గానీ, ఫోన్ నంబరు గానీ, బండి నంబరు గానీ పెట్టి అతని మీద నేరం మోపకూడదు. ఇది పిల్లల ముఠా పుకార్లకే కాదు. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో రోజూ జరిగేది ఒక్కసారి చూడండి. ఒకరింట్లో ఉంగరం కనబడదు. పావుగంటలో పనిమనిషి ఆధార్ కార్డు ఫోటో గ్రూపులో పడుతుంది, 'ఈమెను ఎవరూ పనిలో పెట్టుకోకండి' అన్న మాటతో సహా. మూడు బ్లాకుల్లో నాలుగిళ్లు చేసుకునే మనిషికి సాయంత్రానికల్లా నాలుగిళ్లూ పోతాయి. మర్నాడు ఉంగరం బాత్రూం సబ్బు పెట్టె వెనక దొరుకుతుంది. దొరికిందన్న మెసేజ్ మాత్రం గ్రూపులో పడదు. పడినా మొదటిది చూసినవాళ్లందరూ రెండోది చూడరు. ఆవిడ ఆధార్ నంబరు అప్పటికే ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరు చెప్పగలరు? డెలివరీ కుర్రాడి ఫోటో, ఆటో నంబరు, వాచ్‌మన్ కొడుకు సీసీటీవీ క్లిప్పు, అన్నిటి సంగతీ ఇంతే. అనుమానం ఉంటే పోలీస్ స్టేషన్ ఉంది, సొసైటీ కమిటీ ఉంది. తనకు చోటు లేని గ్రూపులో ఒక మనిషికి తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. ఈ నియమం ఒక్కటి కచ్చితంగా అమలైతే చాలా కీడు తప్పుతుంది. మిగతావన్నీ దీని తర్వాతే.

నిజమేదో అబద్ధమేదో తేల్చడానికి అడ్మినేమీ జడ్జి కాదు, నిజమే. తేల్చనక్కర్లేదు కూడా. పెట్టినవాణ్ణి మూడు సంగతులు అడిగితే చాలు. నువ్వు కళ్లారా చూశావా, ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు? 'మా బావమరిది పంపాడు' అంటే మెసేజ్ తీసేయాలి. 'నిన్న పక్క మండలంలో' అని ఊరి పేరు లేకుండా ఉంటే తీసేయాలి. తేదీ లేని వాయిస్ మెసేజ్ ఏదైనా తీసేయాలి, ఆ గొంతు ఎంత వణికినా సరే. ఫార్వర్డ్ గుర్తు లేదు కాబట్టి సొంతంగా రాసిందేనని నమ్మకండి. వాట్సాప్ 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌లను ఐదుకు కుదించింది, 2020లో మరీ ఎక్కువగా తిరిగిన మెసేజ్‌లను ఒక్కసారికి ఒక్కరికే పంపేలా చేసింది. మంచి పనే. కానీ మెసేజ్‌ను కాపీ చేసి అతికిస్తే ఆ గుర్తు పోతుంది. వీడియోను ఫోన్‌లో దించుకుని మళ్లీ ఎక్కించినా పోతుంది. అడ్డం పెట్టిన కంచెను దాటడానికి ఇంతకంటే తెలివి అక్కర్లేదు. అందుకే యంత్రం మీద భారం వేయకుండా మనిషే అడగాలి.

పుకారు గ్రూపులో పడి వేడి పుట్టిస్తున్నప్పుడు అడ్మిన్ మొదట చేయాల్సింది వాదించడం కాదు. సెట్టింగుల్లోకి వెళ్లి అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చాలి. అర నిమిషం పని. ఆ తర్వాత స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలి. కనుక్కున్నది అదే గ్రూపులో చెప్పాలి. ఊరికే డిలీట్ చేసి ఊరుకుంటే చాలదు. 2022 నుంచి ఇతరుల మెసేజ్‌ను అందరి ఫోన్లలోంచీ తీసేసే వీలు అడ్మిన్‌కు వచ్చింది గానీ, చదివినవాడి బుర్రలోంచి దాన్ని తీసేసే వీలు ఎవరికీ లేదు. ఏదో దాస్తున్నారన్న అనుమానం కూడా పుడుతుంది. 'రాత్రి పదింటికి పడిన వీడియో మన దగ్గరిది కాదు, స్టేషన్‌లో కనుక్కున్నాం, అలాంటి ఫిర్యాదు ఏదీ లేదు' అని పేరు పెట్టి రాయాలి. అది పెట్టిన మనిషిని మాత్రం నలుగురిలో నిలబెట్టి తిట్టకూడదు. విడిగా ఫోన్ చేసి చెప్పండి. సిగ్గుపడినవాడు ఈసారి ఇంకో గ్రూపులో పెడతాడు, అక్కడ మీలాంటి అడ్మిన్ ఉండకపోవచ్చు.

ఒక్క అడ్మిన్‌తో ఇది సాగదు. రాత్రి పదకొండు తర్వాత పడే మెసేజ్‌కు తెల్లారేదాకా అడ్డు ఉండదు. ప్రతి ఊరి గ్రూపులోనూ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. మనకు అర్ధరాత్రి వాళ్లకు పట్టపగలు. ఊరి గుడికి చందా పంపినంత ప్రేమతో రాత్రి కాపలా కూడా వాళ్లు కాయగలరు. వాళ్లలో ఒకరిని అడ్మిన్ చేయండి. ఇంకో అడ్మిన్ తప్పనిసరిగా ఆడమనిషి అయి ఉండాలి. ఊళ్లో వేరే వీధి, వేరే కులం నుంచి మరొకరు ఉండాలి. ఒకే ఇంటివాళ్లు, ఒకే పార్టీవాళ్లు అడ్మిన్లుగా ఉన్న గ్రూపులో తీసేసిన ప్రతి మెసేజ్ వెనకా జనానికి కక్షే కనబడుతుంది.

రోగాల గురించిన పుకార్ల విషయంలోనూ మనం చూసింది తక్కువేం కాదు. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా తొట్టంబేడు మండలంలో ఒక నడివయసు మనిషి, తనకు కరోనా సోకిందని ఫోన్‌లో చూసిన వీడియోలతో నమ్మేసుకుని, ఇంట్లోవాళ్లకు అంటకూడదని ఉరేసుకున్నాడు. అతనికి ఆ జబ్బు లేదు. అదే రోజుల్లో కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న మెసేజ్ తిరిగింది. ధర పడిపోయింది. చివరికి తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదిక ఎక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. మెసేజ్ పంపినవాడికి పైసా పోలేదు. అప్పు తెచ్చి కోళ్లు పెంచిన రైతు మునిగాడు. ఆ రైతూ ఆ గ్రూపుల్లో లేడు. అందుకని వైద్యం గురించిన మెసేజ్‌కు ఒక్కటే షరతు పెట్టండి. ప్రభుత్వ ఆరోగ్య శాఖ పేరుతో, తేదీతో, కనుక్కోవడానికి వీలుగా ఉంటేనే ఉంచాలి. డాక్టరు గారి పేరు ఉన్నంత మాత్రాన చాలదు.

అత్యాచారానికి గురైన ఆడపిల్ల పేరు, ఫోటో, ఊరు, తల్లిదండ్రుల వివరాలు ఏ రూపంలోనూ పెట్టకూడదు. జాలితో పెట్టినా, న్యాయం కావాలని పెట్టినా సరే. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక యువతిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత ఆమె పేరూ ఫోటో ఇంటింటి ఫోన్‌లోకీ వెళ్లిపోయాయి. ఆ తర్వాత పోలీసులు ఆమెను 'దిశ' అని పిలవమని వేడుకోవాల్సి వచ్చింది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద బాధితురాలి వివరాలు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు. పిల్లల విషయంలో పోక్సో చట్టం, బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కూడా ఉన్నాయి. పసిపిల్లల అశ్లీల వీడియో ఏదైనా గ్రూపులో పడితే సాక్ష్యం అనుకుని కూడా దాన్ని ఫోన్‌లో దాచకండి, ఎవరికీ పంపకండి. వెంటనే సైబర్ క్రైమ్ పోలీసులకు చెప్పండి. అలాంటివి దగ్గర ఉంచుకోవడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది. బెదిరింపులు, కులం పేరుతో తిట్లు అలా కాదు. వాటిని తీసేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, కేసుకు అది కావాలి.

ఏపీకే ఫైళ్ల (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్ల) విషయంలో చర్చే అక్కర్లేదు. శుభలేఖ అని, ఆర్టీవో చలానా అని, పీఎం కిసాన్ అని ఏ పేరుతో వచ్చినా తీసేయండి. పంపింది మీ సొంత బాబాయి నంబరే అయినా తీసేయండి. ఆ ఫైలు నొక్కినవాళ్ల ఫోన్ మోసగాళ్ల చేతిలో పడి, ఫోన్ యజమానికి తెలియకుండానే అదే ఫైలును అన్ని గ్రూపులకూ పంపిస్తుంది. ఆ నంబరును తాత్కాలికంగా గ్రూపు నుంచి తప్పించి, ఆ మనిషికి మామూలు ఫోన్ చేసి చెప్పాలి.

ఇంతా చెప్పాక, రెండో వైపు ప్రమాదం గురించి అంతే గట్టిగా హెచ్చరించాలి. నియమాలు చేతికొచ్చాక వాటితో నోళ్లు నొక్కే అడ్మిన్లు తయారవుతారు. లిఫ్టు మరమ్మతు లెక్క అడిగితే 'నెగెటివిటీ వద్దు' అని తీసేయడం, మంచినీళ్లు రావట్లేదంటే 'రాజకీయం' అని తీసేయడం మనకు కొత్త కాదు. సర్పంచి మీద, కమిటీ మీద, గుడి ఆదాయం మీద ప్రశ్న అడిగే హక్కు సభ్యుడికి ఉందని నియమాల్లోనే రాయండి. అధికారంలో ఉన్నవాణ్ణి ప్రశ్నించడమూ, దారినపోయేవాడి మీద నింద వేయడమూ ఒకటి కావు. తీసేసిన ప్రతిసారీ ఏ నియమం ప్రకారం తీసేశారో గ్రూపులో ఒక్క వాక్యం రాయాలి. ఎవరినైనా గ్రూపు నుంచి తీసేయాలంటే ఇద్దరు అడ్మిన్లు ఒప్పుకోవాలి. అడ్మిన్ పెట్టిన మెసేజ్‌ను ఇంకో అడ్మిన్ తీసేయగలగాలి. ఇవి లేని నియమావళిని సభ్యులు ఒప్పుకోకండి.

చట్టం సంగతి అడుగుతారు చాలామంది. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ కావడం ఒక్కటే కారణంగా అతణ్ణి నేరస్థుణ్ణి చేయలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. సరైన మాటే. అయితే అడ్మిన్ తాను స్వయంగా పంపినా, కావాలని ఎగదోసినా ఆ రక్షణ ఉండదు. జనంలో భయం, వైషమ్యం పుట్టించే పుకార్లకు న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. మూకదాడులను ఆపడానికి ప్రతి జిల్లాలో ఒక పోలీసు అధికారిని నియమించాలని సుప్రీంకోర్టు 2018 జులై 17న తెహసీన్ పూనావాలా కేసులో ఆదేశించింది. మీ జిల్లాలో ఆ అధికారి ఎవరో, ఆ ఫోన్ నంబరు ఏదో కనుక్కోండి. జిల్లా పోలీసులు కూడా ఆ నంబరును ప్రతి పంచాయతీ గోడ మీద రాయించాలి. పుకారు పుట్టాక ప్రెస్ మీట్ పెట్టి ఖండించడంతో వాళ్ల పని అయిపోదు. ప్రతి ఊరి గ్రూపులో ఒక పోలీసు పేరు తెలిసి ఉండాలి. గద్వాలలో అప్పుడు సాధ్యమైంది ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఏ జిల్లాలోనైనా సాధ్యమే.

ఇప్పుడు ఫోన్ తీయండి. రాయాల్సింది ఇంతే: 'ఈ గ్రూపులో లేని మనిషి మీద నేరం మోపుతూ ఫోటో, పేరు, నంబరు పెట్టకూడదు. మీ కళ్లతో చూడని ప్రమాద వార్త పెట్టకూడదు. బాధితుల వివరాలు, పిల్లల ఫోటోలు పెట్టకూడదు. ఏపీకే ఫైళ్లు తీసేస్తాం. ప్రశ్నలు అడగవచ్చు, తిట్టకూడదు. తీసేస్తే కారణం చెబుతాం. అడ్మిన్లకూ ఇవే వర్తిస్తాయి.' దీని కింద నాలుగు నంబర్లు పెట్టండి. అత్యవసరానికి 112, పిల్లల గురించి 1098, సైబర్ మోసానికి 1930, నాలుగోది మీ స్టేషన్ నంబరు. మెసేజ్‌ను పిన్ చేయండి, గ్రూపు వివరణలో కూడా అతికించండి, ఎందుకంటే పిన్ చేసింది కొన్నాళ్లకు దానంతటదే పోతుంది. చదివామని ప్రతి సభ్యుడి చేతా ఒక్క మాట రాయించండి. చదవడం రాని పెద్దవాళ్ల కోసం ఇదే మాట మీ గొంతుతో వాయిస్ మెసేజ్‌గా పెట్టండి. ఆదివారం దాకా ఎవరు స్పందించలేదో చూసి వాళ్లకు ఫోన్ చేయండి.